ఇరవై మూడు జీబీల ఖాళీని ఖాళీగానే ఉంచుట గురించి

శాఖా గ్రంథాలయాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, శృంగవరపుకోట దాపు గ్రామమునుండి గుడి డోలు వాయించు జగన్నాధం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి గ్రంథాలయం కంప్యూటర్‌లో అప్‌డేట్ పిమ్మట ఏర్పడిన ఖాళీ జాగాలో కొత్తగా ఏమియు ఎక్కించకుండుట గురించి.

1. మా అన్నగారు అప్పలనరసింహం సన్నాయి, నేను డోలు. నలభై ఒక్క ఏళ్లు గుడిలో కలిసి వాయించియున్నాము. ఇద్దరికీ పెళ్లిళ్లు లేవు. రెండేళ్ల కిందట ఊపిరితిత్తులు పాడై ఆయన సన్నాయి పట్టలేకపోయినారు. అంతకుముందే గ్రంథాలయం నడుపు శైలజ ఆయన వాయించిన పద్నాలుగు కీర్తనలు కంప్యూటర్‌లోకి ఎక్కించియున్నది. పేపరు చదివేవాళ్లు రాకముందే వెళ్లి ఆ రికార్డుతో నేను డోలు వాయించుట, అన్నగారు బల్ల మీద కూర్చుని తప్పులు పట్టుట మా అలవాటు. రికార్డు చేయునాడు పక్కన నేను డోలు వేయుచుండగా, ఒక కీర్తన నడుమ ఆయన సన్నాయి దించి, "ఒరే జగ్గా, తొందరేటిరా? నాను ఊపిరి తీసుకోనా?" అని కసిరినది కూడా అందులో పడినది. శైలజ అది తీసేస్తానంటే నేనే వద్దన్నాను.

2. గత నెల అన్నగారు కాలము చేసినారు. సరిగ్గా ఆ రోజే కంప్యూటర్‌కు కొత్త విండోస్ వేసినారు. శైలజ పరామర్శకు వచ్చి, "మావా, పాతవన్నీ ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. పది దినాలే ఉంతాయట, తరవాత దానంతటదే సెరిపీస్తాదట. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించీమంటావేటి?" అని అడిగినది. మాకు మైల పది దినములు. మైలలో వాద్యం ముట్టము, నాదం వినము. "శుద్ధయ్యాక నానే వస్తాను, నువ్వు దాని జోలికెళ్లకు" అని చెప్పితిని. కనుక తప్పు నాది. ఆ పిల్లపై చర్య తీసుకొనవద్దు.

3. పదకొండో నాడు తలస్నానం చేసి, పెన్‌డ్రైవ్ కొనుక్కుని వెళ్లితిని. డోలు కూడా పట్టుకెళ్లాను సార్. ఫోల్డర్ లేదు. ఇరవై మూడు జీబీలు ఖాళీ అని చూపినది. "ఆ దినమే ఎక్కించీమంటే అయిపోను కదా మావా" అని శైలజ ఏడ్చినది. నాకు అక్కడ ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి తాళం తీశాక వచ్చింది.

4. కంప్యూటర్లు బాగుచేయు గిరిబాబును విచారించగా, చెరిపినంతలో పోదనియు, ఆ జాగాలో కొత్తది పడితేనే పాతది పోవుననియు, ముట్టకుండా డిస్కు పంపినచో నెలలోపల తీయగల మనిషి విశాఖపట్నంలో ఉన్నాడనియు తెలిపినాడు. కంప్యూటర్ ఆపించి ఉంచితిమి. అయితే సోమవారం నుండి పుస్తకాల జాబితా అందులో ఎక్కించవలెనని తమ ఉత్తర్వు. ఆ జాబితా నేను చేత్తో రాసి ఇస్తాను. నాలుగువేల పుస్తకాలైనా రాస్తాను. నాకేం పని ఉంది గనుక? సన్నాయి లేని డోలును ఎవరూ పిలవరు. గుడివారు వేరే మేళం మాట్లాడుకున్నారు.

5. ఇది అర్జీలో రాయవచ్చునో లేదో తెలియదు. ఇంట్లో ఒక్కణ్ణే డోలు ముందేసుకుంటాను. రెండు దరువులు వేసి ఆగిపోతాను. బాగుందో లేదో చెప్పే మనిషి లేడు. ఆ ఇంట్లో ఉండలేకపోతున్నాను బాబూ.

కావున తమరు దయతలచి, ఆ ఇరవై మూడు జీబీలను ఒక్క నెల ఖాళీగా ఉండనిచ్చి, డిస్కు విశాఖపట్నం పంపుటకు అనుమతి ఇప్పించవలెననియు, ఈ మనవిని తమ చిత్తమున ఉంచుకొనవలెననియు ప్రార్థన.

తమ విధేయుడు,
జగన్నాధం

తా.క.: తమ ఉత్తర్వులన్నీ గ్రంథాలయం కంప్యూటర్‌కే వస్తాయి. దీని జవాబు మాత్రం అందులో పంపకండి బాబూ. ఒక్క పేజీయే కదా అనుకోవద్దు, అది పోయి ఎవరి మీద పడుతుందో తెలీదు. కుదరదని చెప్పాలన్నా సరే, కార్డు ముక్క మీద చేత్తో రాయండి.