గాలికి వీపు చూపిన కోడి

నెదర్ విక్స్‌బీ,
14 జూన్ 1954

కమ్మరి ఈనక్ గార్బట్ గారికి హెస్టర్ లమ్లీ వ్రాయునది.

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం క్షేమం, టెంటు తప్ప.

మీరు ఈస్టరుకి మా చర్చి మీద నిలబెట్టిన, గాలి ఎటునుంచో చూపే ఇనుప గాలికోడి ఎంతో అందంగా ఉంది. ఫిర్యాదు అనుకోకండి గానీ, అది గాలికి ముక్కు చూపించాల్సింది పోయి వీపు చూపిస్తోంది. మొన్న శనివారం మా చర్చి తోటలో పండుగ జరిగింది. కోడి తూర్పుకి చూస్తోంది కదా, గాలి అటునుంచే అనుకుని టీ టెంటు గుమ్మం పడమటికి పెట్టించాను. పడమటి గాలి తిన్నగా లోపలికొచ్చి, టెంటుని నూట నలభై స్కోన్ రొట్టెలతో సహా పక్కనున్న మెథడిస్టు చర్చి పచ్చికలో దింపింది.

ఇరవై రెండేళ్ళుగా టీ బల్ల వెనక నిలబడింది నేను. ఇప్పుడు కమిటీ ఆ చోటు లీడ్స్ నుంచి కొత్తగా వచ్చిన మిసెస్ పార్డ్యూకి ఇచ్చేసింది.

మా మేనల్లుడు ఆర్థర్ లాయరు దగ్గర గుమాస్తా. ఒప్పందం తప్పినవాడు, అది నెరవేరి ఉంటే అవతలి మనిషి ఎలా ఉండేదో ఆ మనిషిని అలా ఉంచాలట. నాకు డబ్బు వద్దు. నా టీ బల్ల కావాలి.

మీ కోసం ప్రార్థించే,
హెస్టర్ లమ్లీ

తా.క. తొందరేమీ లేదు. శుక్రవారంలోగా చాలు.

కమ్మరి కొలిమి,
19 జూన్

మిస్ లమ్లీ గారికి గార్బట్ నమస్కారాలు.

అమ్మా, నేను కోడిని అమ్మాను, టెంటుని కాదు. మా బావమరిది కోర్టులో బంట్రోతు, వాడికి అన్నీ తెలుసు. బేరం రోజున ఇద్దరికీ తోచగల నష్టానికే నేను పూచీ. కోడిని చూసి టీ కాస్తారని మీరు నాతో అన్నారా? పైగా నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం మీరూ చెయ్యాలి. చేశారా? మనసు నొచ్చినందుకైతే చట్టం పెన్నీ కూడా ఇవ్వదు.

ఇట్లు,
ఈ. గార్బట్

తా.క. స్కోన్లు బాగున్నాయి. మా అక్క మెథడిస్టు. ఆరు తింది.

నెదర్ విక్స్‌బీ,
30 జూన్

గార్బట్ గారికి,

తగ్గించుకోకేం! కెటిల్ పట్టుకుని టెంటు వెనకే పరిగెత్తాను. మెథడిస్టులు పచ్చిక మీద మోకరించి ఉన్నారు. నీడ కోసం ప్రార్థిస్తే దేవుడు టెంటు పంపాడట. ప్రార్థనకి వచ్చిన జవాబుని వెనక్కి అడగడం మర్యాదా, మీరే చెప్పండి.

మిసెస్ పార్డ్యూ టీ గురించి నేనేమీ అనను.

మీ శ్రేయోభిలాషి,
హెస్టర్ లమ్లీ

తా.క. ఆ టీ తాగిన దగ్గర్నుంచి మా పాస్టరుగారు వరసగా రెండు ఆదివారాలు నరకం గురించే ప్రసంగించారు.

కమ్మరి కొలిమి,
8 జూలై

అమ్మా లమ్లీ గారూ,

నిన్న పాత కాగితాల్లో మీ ఆర్డరు ఉత్తరం దొరికింది. అందులో మీ చేతిరాత ఇది: "తోక మరీ డాబుగా వద్దు. దేవుడి ఇంటి మీద కూర్చునే కోడి అణకువగా ఉండాలి."

తోకే కదమ్మా గాలిని పట్టేది! తోక చిన్నదై ఛాతీ పెద్దదైతే కోడి వెనక్కే తిరుగుతుంది. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది. కానీ మీరు దేవుడి పేరు ఎత్తాక తోక గురించి వాదించే ధైర్యం చాల్లేదు. తప్పు నాదీ ఉంది. నష్టం రుజువు కాకపోతే కోర్టు పేరుకి ఏదో ఇప్పిస్తుందట. అందుకే ఒక షిల్లింగు పంపుతున్నాను. పెద్ద తోక చేస్తున్నాను.

మీ గార్బట్

తా.క. మెథడిస్టులూ ఒక కోడి అడుగుతున్నారు. మీ కోడి లాంటిదే కావాలట.

నెదర్ విక్స్‌బీ,
27 సెప్టెంబరు

ప్రియమైన గార్బట్ గారికి,

తోక తేవద్దు. మీరు నొచ్చుకుంటారని ఊళ్ళో ఎవరూ పైకి అనలేదు గానీ, ఈస్టరు దాటిన వారానికే అందరూ కోడిని తిరగేసి చదవడం మొదలుపెట్టారట. నాతోనూ ఎవరూ అనలేదు! ఇప్పుడు దాన్ని సరిచేస్తే ఊరందరి ఉతికిన బట్టలూ ఎగిరిపోతాయి. ఈసారి ముందే చెబుతున్నాను, పూచీ మీదే.

నిన్న పంటల పండుగ. తిరగేసి చదవాలని తెలియనిది మిసెస్ పార్డ్యూ ఒక్కతే. ఆమె టెంటు కూడా మెథడిస్టు పచ్చికలోకే వెళ్ళింది. నష్టం తగ్గించాలి కదా, నేను ముందే అక్కడ కెటిల్‌తో నిలబడి ఉన్నాను. సాయంత్రానికి కమిటీ నా బల్ల నాకిచ్చేసింది. మీ బాకీ తీరింది. షిల్లింగు కానుక పెట్టెలో వేశాను.

కృతజ్ఞతతో,
హెస్టర్ లమ్లీ

తా.క. టెంటు కట్టేముందు మిసెస్ పార్డ్యూ నన్ను "గాలి ఎటు?" అని అడిగింది. నేను అబద్ధం చెప్పలేదు, కోడిని చూడమన్నాను. అది పాపమా అని పాస్టరుగారిని అడిగాను. ఆయన ఖాళీ కప్పు నా వైపు జరిపి, "మిస్ లమ్లీ, ఇంకో కప్పు పొయ్యండి" అన్నారు.