భార్య కాదన్నవాడికి వాటా లేదు

కుట్టు దుకాణం నడుపుకునే నేను, వడ్రంగి గారి పెద్దకూతురిని, యాభై రెండేళ్లదాన్ని, రాయిస్తున్న వీలునామా ఇది. జబ్బు నా ఊపిరితిత్తులకే గాని తెలివికి పట్టలేదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

1. దుకాణం, పైనున్న రెండు గదులు, మూడు మిషన్లు నా కూతురికి. తల్లిదండ్రుల పెళ్లి చెల్లకపోయినా బిడ్డ హక్కు పోదని వకీలుగారు చెప్పారు. కాజాల మిషన్ మొరాయిస్తే నూనె వెయ్యమ్మా, తన్నకు.

2. మందుల కొట్టు యజమానికి నా ఆస్తిలో దారప్పోగు కూడా చెందదు. కారణం రాస్తున్నాను. మొదటి భార్యతో విడాకులు అయిపోయాయని చెప్పి నన్ను పెళ్లాడాడు. తీర్పు వచ్చింది మా పెళ్లయిన నలభై రోజులకు. పదకొండేళ్ల కాపురంలో ఆ ముక్క నాకు చెప్పలేదు. నన్ను వదిలేశాక భరణం అడిగితే, ఆ తీర్పు నకలు తనే జడ్జిగారి ముందు పెట్టి, ప్రమాణం చేసి, నా మొహం చూస్తూ అన్నాడు: "ఈవిడ నా భార్య కాదండి. ఏనాడూ కాదు." నా కేసు కొట్టేశారు.

ఆ వాంగ్మూలమే పట్టుకుని అతని మొదటి భార్య ఫిర్యాదు చేసింది. మొదటి పెళ్లి రద్దు కాకుండానే మరో పెళ్లి చేసుకున్నందుకు రెండేళ్లు జైల్లో ఉన్నాడు. నాకది చాల్లేదు.

ఇప్పుడు నా జబ్బు సంగతి విని వారం వారం ఆసుపత్రికి వచ్చి, నర్సులతో భర్తనని చెప్పుకుంటున్నాడు. వాటాకి దావా వేస్తే వేసుకోనివ్వండి. నేను తన భార్యనని అతను రుజువు చేయాలంటే, ఆనాడు తాను అబద్ధపు ప్రమాణం చేశానని ఒప్పుకోవాలి. అతని వాంగ్మూలానికి అద్దం ఫ్రేము కట్టించాను. అదొక్కటీ అతనికి ఇవ్వండి.

3. అతని అక్కగారికి పెళ్లినాడే అన్నీ తెలుసు. ఆవిడ కుట్టడానికిచ్చిన గుడ్డ కత్తెర పెట్టకుండా తిరిగి పంపండి.

4. అతని మొదటి భార్యని నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడకి ముదురాకుపచ్చ కోటు. చేతులు అరంగుళం పొడుగుంచాను, ఆవిడకి వేళ్లు చల్లబడతాయి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా అక్కదే. ఆ ఫ్రేము కావాలంటే అతను ఆవిడ గుమ్మం ముందు నిలబడి, సంతకం పెట్టి తీసుకోవాలి. కుర్చీ వెయ్యకు అక్కా.

5. మరణ ధ్రువపత్రంలో భర్త పేరు దగ్గర గీత పెట్టించండి. గుమాస్తా అడిగితే, కోర్టే చెప్పిందనండి.

మార్చి పద్దెనిమిది, సోమవారం, ఉదయం పదకొండు గంటలు.

(సంతకం)

సాక్షులు: పక్కకొట్టు తాళాలు బాగుచేసే ఆయన, మూడో వార్డు పెద్ద నర్సు. ఇకనుంచి అతన్ని లోపలికి రానివ్వనని నర్సు తన సంతకం కింద రాసింది.