గొయ్యి నవ్వింది

కవిటి,
ఆదివారం.

విశాఖపట్నం, ‘చెవిలో పుస్తకం’ కంపెనీ శ్రోతల విభాగంలో ఈ ఉత్తరం విప్పిన అయ్యకో అమ్మకో,

నేను టెక్కలిలో కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన జగదీశ్వరరావును. నా కళ్ళు నాకంటే ముందే రిటైరయ్యాయి. ఇక చదవడం కుదరదు, ఫోనులో పుస్తకాలు వినమని డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరు మీద కేసు వేయవచ్చునా అన్నది తర్వాత ఆలోచిస్తాను. ఈ ఉత్తరం నేను చెబుతుంటే నా భార్య నీలమ్మ రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు, కామా కూడా వదలకుండా రాయమన్నాను.

ఈమధ్య విన్న మీ పుస్తకాల మీద నా అభిప్రాయాలు ఇవి. మీరు అడగలేదు. నా జీవితంలో ఎవరూ అడగలేదు. అయినా నేను మానలేదు.

‘మేడమీద శవం’ అనే డిటెక్టివు నవల చదివినాయన గొంతు గంభీరమైనదే. కానీ మొదట్లోనే వంటవాడు గొంతు తగ్గించి, గరగరలాడిస్తూ “కాఫీ తెమ్మంటారా?” అన్నాడు. హంతకుడు ఎవరో నాకు అక్కడే తెలిసిపోయింది. ఆ తర్వాత పుస్తకం పొడుగునా డిటెక్టివుకు చెబుతూనే ఉన్నాను. అతను వినలేదు.

‘మనసును నిర్మలంగా ఉంచుకోవడం ఎలా’ అనే పుస్తకాన్ని, పలాస స్టేషన్లో రైలు కదిలిపోతుంటే సమోసాలు అమ్మేవాడిలా చదివారు. “నెమ్మదిగా ఊపిరి పీల్చండి” అన్నాడు గానీ పీల్చే వ్యవధి ఇవ్వలేదు. నిర్మలత్వం సంగతి దేవుడెరుగు, నాకు ఆయాసం వచ్చింది.

ఇక అసలు విషయం. పలాస శ్యాంసుందర్ రాసిన ‘జీడితోటలో దారి’. అతనికి రాయడం రాదని నాకు మొదటినుంచీ తెలుసు. కానీ ఈ స్థాయి ఊహించలేదు. కథానాయిక ప్రవేశించేచోట మీవాళ్ళు ఇలా చదివారు: “గొయ్యి నవ్వింది. నవ్వుకుంటూ గొయ్యి కడవెత్తుకొని బావి కాడికి ఎల్లింది.” ఆ తర్వాత గొయ్యికి పెళ్ళిచూపులు జరిగాయి. వచ్చిన పెళ్ళికొడుకు “గొయ్యి బాగున్నాది, నాకు నచ్చింది” అన్నాడు. నేను మంచం మీదనుంచి పడబోయాను.

సంగతేమిటంటే, మావైపు గుంట అంటే ఆడపిల్ల. శ్యాంసుందర్ ‘గుంట’ అనే రాసి ఉంటాడు. మీ ఆఫీసులో ఎవరో మహానుభావుడు దాన్ని తవ్వి గొయ్యి చేశాడు. ఈ తప్పును దయచేసి దిద్దకండి. ఇన్నేళ్ళలో ఆయన పుస్తకం నన్ను సంతోషపెట్టడం ఇదే మొదటిసారి.

(ఒలే, పులుసు పొంగుతంది సూడు. నిన్నటి పులుసు నోట్లో ఎట్టుకుంటే సంద్రమే గుర్తొచ్చింది. ఏటీ, ఇదీ రాసేత్తన్నావా? ఒగ్గీ!)

ఇట్లు,
వినక తప్పని శ్రోత,
జగదీశ్వరరావు

తా.క. నలభై ఏళ్ళ కిందట నేను రాసిన ‘సైకత సంవేదన’ అనే నవలను దీనితో పంపుతున్నాను. ఉద్దానం తీరంలో నడిచే కథ. మళ్ళీ చదవడానికి నాకు కళ్ళు లేవు. పోయేలోగా ఒకసారి వినాలని ఉంది. ఈ వాక్యం జాలి కోసం కాదు. జాలిపడితే మాత్రం వద్దనను.

తా.క. (నీలమ్మ) సమోసాలాయన తప్పేమీ లేదండి. ఫోనులో వేగం నేనే పెంచాను. మామూలుగా పెడితే ఈయన వాక్యానికీ వాక్యానికీ మధ్య దూరి తప్పులు చెబుతున్నారు. ఇలాగైతే సందు దొరకదు.

విశాఖపట్నం,
శుక్రవారం.

పూజ్యులు జగదీశ్వరరావు మాస్టారికి,

శ్రోతల విభాగం నుంచి శిరీష నమస్కరించి రాయడం. మా ఎడిటరు గారిది మీ వైపు కాదండి. గుంట అంటే నేలలో ఉండేదే అనుకొని, అందరికీ అర్థమవుతుందని గొయ్యి చేశారట. మీ ఉత్తరం విన్నాక ఆయన భోజనానికి కూడా లేవలేదు. పుస్తకాన్ని టెక్కలి అమ్మాయి ఎలీసబెతు చేత మళ్ళీ చదివించాం.

“దయచేసి దిద్దకండి” అని మీరు ఎందుకన్నారో మొదట బోధపడలేదు. తర్వాత అందరం కూర్చొని ఆలోచించి, ‘శ్యాంసుందర్ గారి మాటమీద ఇకపై ఎవరూ చెయ్యి వేయరాదు’ అని మీ భావమని గ్రహించాం. ఎంత పెద్ద మనసండీ! ఆయనకు ఫోన్ చేసి, మీ పాత స్నేహితుడే మీ పుస్తకాన్ని కాపాడారని చెప్పాను. ఆయన వెంటనే మీ చిరునామా అడిగి రాసుకున్నారు.

మీ నవల అందింది. వర్ణనలు ఘనంగా ఉన్నాయి. కానీ అందులో చేపలు పట్టేవాళ్ళు, కొబ్బరి ఒలిచేవాళ్ళు కూడా “ఓ బాలికా, ఎచటికేగుచున్నావు?” అంటున్నారు. చదివేవాళ్ళకు నోరు తిరగడం లేదు. మాటలు కొంచెం మార్చవచ్చునా?

మీ జవాబు కోసం చూస్తూ,
శిరీష

తా.క. నీలమ్మగారూ, మీరు ఉత్తరం మధ్యలో బ్రాకెట్లో రాసిన మాటలంటే మా ఆఫీసులో అందరికీ ఇష్టం.

కవిటి,
బుధవారం.

అమ్మాయి శిరీషకు,

కోపంతో చెబుతున్నాను. నీలమ్మ దస్తూరీలో కోపం కనబడదు కనుక ముందే తెలియజేస్తున్నాను.

శ్యాంసుందర్ నా స్నేహితుడు కాడు. వరసకు బావ. అది పుట్టుకతో వచ్చింది, నా ప్రమేయం లేదు. నా నవల అచ్చయినప్పుడు పత్రికలో దాని మీద సమీక్ష రాసింది ఆయనే. ఏం రాశాడో నాకు నోటికి వచ్చు: “ఈ నవలలో మనిషి మాట్లాడినట్టు ఒక్క మనిషీ మాట్లాడడు. సముద్రం సైతం సంధులు విడగొట్టకుండా ఘోషిస్తుంది.” ఆ రోజునుంచి నేను పలాసలో బస్సు దిగలేదు. పలాసలో పని పడితే ఆ పనే మానేశాను.

నీ ఫోను పుణ్యమా అని నిన్న ఆయన పంపిన జీడిపప్పు పొట్లం మా గుమ్మంలోకి వచ్చింది. తిప్పి పంపమన్నాను. అప్పటికే ఉప్మాలో పడిపోయింది. తిన్నాను. పగవాడి జీడిపప్పు అంత బాగుండకూడదు.

నవల సంగతి. ‘బాలిక’ అన్న మాటలో ఏం లోపముందో నాకు తెలియదు. కవిటిలో నేనెప్పుడూ ఏ బాలికనూ బాలికా అని పిలవలేదన్నది నిజమే. సాహిత్యమన్నాక ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడతామా? అయినా వినాలన్న ఆశ నన్ను దిగజారుస్తోంది. మాటలు ఎవరిచేతనైనా మార్పించుకోండి. శ్యాంసుందర్ చేత మాత్రం వద్దు.

(ఒలే, కలం ఆపీసినావేటి? నాను ముసిలోడినయిపోనాను గాని సెవిటోడ్ని అయిపోనేదు. గీకుడు ఇనపడతంది, ఆగితే తెలుత్తంది.)

ఈ వారం విన్నవి: ‘హిమాలయ యాత్ర’. చదివినామె ఎంత సహజంగా వణికిందంటే నేను దుప్పటి అడిగాను. ఎండాకాలంలో ఇది మంచి పుస్తకం కాదు. ‘బంగళాలో దెయ్యం’. దెయ్యం గొంతు మా కాలేజీ ప్రిన్సిపాలుదే. ఆయన పోయి చాలా కాలమైంది కనుక పోలిక న్యాయమైనదే.

ఇట్లు,
ఎవరికీ స్నేహితుడు కాని
జగదీశ్వరరావు

తా.క. శ్యాంసుందర్ కొత్త పుస్తకం ఏదైనా మీ దగ్గరకొస్తే ముందు నాకు వినిపించండి. చెడ్డ పుస్తకాన్ని ఆదిలోనే ఆపడం పౌరధర్మం.

తా.క. (నీలమ్మ) ఉప్మా రెండుసార్లు వడ్డించుకున్నారు. చెప్పింది చెప్పినట్టే రాశాను, ఇది మాత్రం ఆయన చెప్పలేదు.

విశాఖపట్నం,
మంగళవారం.

మాస్టారికి నమస్కారాలతో శిరీష,

మీ అనుమతి అందింది, సంతోషం. మాటలు మార్చడానికి తగినవారు దొరికారు. పని మొదలైంది.

మరో మాట. విడుదల కాని పుస్తకాల ముక్కలు కొన్ని, రచయిత పేరు లేకుండా, పాత్రల పేర్లు కూడా మార్చి కొందరు శ్రోతలకు పంపుతుంటాం. ఆ పని చూసే విభాగం వేరు. ఇంత నిక్కచ్చిగా చెప్పేవారు దొరకరని వాళ్ళకు మీ పేరు ఇచ్చాను. నచ్చిందో లేదో దాచకుండా రాయండి. మీ మాటకు మాదగ్గర చాలా విలువ.

వినయంగా,
శిరీష

తా.క. ‘దెయ్యం’ చదివినది మా మేనేజరుగారే. పోలిక ఆయనకు చెప్పలేదు.

కవిటి,
సోమవారం.

అమ్మాయి శిరీషకు,

నా మాటకు విలువ ఉందని కాగితం మీద రాసిన మొదటి మనిషివి నువ్వు. ఆ వాక్యం నీలమ్మ చేత నాలుగుసార్లు చదివించుకున్నాను. ఐదోసారి ఆవిడ చదవనంది.

పంపిన ముక్కలు విన్నాను. పిల్లల కథ బాగుంది, వేసుకోండి. వ్యాపారంలో గెలుపు గురించిన పుస్తకం రాసినవాడు ఇంకా గెలవలేదని గొంతులోనే తెలుస్తోంది.

మూడోది ఉద్దానం కథ. పేరు దాచారు గాని నా దగ్గరా? అది శ్యాంసుందర్‌దే. వాడి వేలిముద్రలు ప్రతి వాక్యం మీదా ఉన్నాయి. సూర్యోదయం అయ్యేసరికి నా కాఫీ చల్లారిపోయింది. అంత సేపు ఏ సూర్యుడూ ఉదయించడు. తుపానులో పడవ బోల్తాపడి, పీకల్లోతు నీళ్ళలో ఉన్నవాడు జీవితం నీటిబుడగని ఉపన్యాసం ఇచ్చాడు. ఊపిరి తిరగనివాడికి అంత పెద్ద సమాసమా? వాడు మునిగినప్పుడు నేను బాధపడలేదు, ఊరట చెందాను. ఇది రాసినవాడు మనిషిని చూడలేదు, అద్దాన్ని చూసుకుంటూ రాశాడు. ఈ నవలను వేయకండి. నా మాటకు విలువ ఇచ్చేటట్టయితే అసలే వేయకండి.

ఒక్కటి మాత్రం చెప్పక తప్పదు. దుర్మార్గుడికి చెవులున్నాయి. మొగుడు పెళ్ళాన్ని, “ఈ పులుసు నోట్లో ఎట్టుకుంటే సంద్రమే గుర్తొత్తంది” అంటాడు. పెళ్ళాం, “సంద్రానికే ఎల్లి తినండి, అక్కడ వడ్డించడానికి నాను రాను” అంటుంది. నేను నవ్వాను. ఎలీసబెతు ఆ గుంట గొంతు పలికిన తీరుకు మళ్ళీ నవ్వాను. ఇలాంటి మొగుణ్ణి ఎక్కడో చూశానే అనిపించింది గాని ఎవరో గుర్తురాలేదు. వాడెవడో మహా ముక్కోపి.

ఆ మాటలు అక్కడ, ఆ ఉపన్యాసాల మధ్య, తప్పిపోయిన పిల్లల్లా ఉన్నాయి. వాటిని రక్షించి మిగతాది సముద్రంలో పారేయండి.

ఇట్లు,
నిక్కచ్చి శ్రోత
జగదీశ్వరరావు

తా.క. నా నవల ఎంతవరకు వచ్చింది? ఇలాంటివి విన్నాక నా మీద నాకు గౌరవం పెరుగుతోంది.

తా.క. (నీలమ్మ) ఇందులో నేను రాయవలసింది చాలా ఉంది. రాయను. ఈయన ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

విశాఖపట్నం,
గురువారం.

మాస్టారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. నీలమ్మగారూ, చదివి వినిపించే ముందు ఆయనను కూర్చోబెట్టండి.

మూడో ముక్క, మాటలు మార్చడం ఇంకా సగంలోనే ఉన్న ‘సైకత సంవేదన’ అండి. మీదే. అవతలి విభాగం వాళ్ళకు మీరే రచయిత అని తెలియదు. జాబితాలో శ్రోతగా మీ పేరుంది, పంపేశారు. తప్పు నాది.

విన్నవాళ్ళందరూ బాగుందన్నారు. మాటలు చాలా బాగున్నాయన్నారు. ఒక్క శ్రోత మాత్రం పూర్తిగా వద్దన్నారు, సముద్రంలో పారేయమన్నారు. ఇప్పుడు రచయితగా మీరేమంటారో చెబితే గానీ మేము ముందుకు వెళ్ళలేం. శ్రోతగా ఏమన్నారో మా దగ్గర ఉంది.

మాటలు మార్చినవారి పేరు చెప్పవద్దని వారి షరతు. మీ మేలు కోరేవారు, మిమ్మల్ని చాలాకాలంగా ఎరిగినవారు అని మాత్రం చెప్పగలను.

క్షమించమని వేడుకుంటూ,
శిరీష

కవిటి,
ఆదివారం.

అమ్మాయి శిరీషకు,

నువ్వు క్షమాపణ అడగనక్కర్లేదు. నా పుస్తకం ఎవరూ చదవలేదని నలభై ఏళ్ళు ఏడ్చాను. చదవనివాళ్ళలో నేనూ ఉన్నానని ఇప్పుడు తెలిసింది.

నా వేలిముద్రలు నేనే గుర్తుపట్టి ఇంకొకడి మీద కేసు పెట్టాను. శ్యాంసుందర్ సమీక్షకూ నా సమీక్షకూ తేడా ఒక్కటే. ఆయనది మర్యాదగా ఉంది.

మాటలు మార్చింది ఎవరో చెప్పవద్దులే. నన్ను చాలాకాలంగా ఎరిగినవాడు, చెవులున్నవాడు, నా మేలు కోరేవాడు. ఈ మూడోది కొత్తగా ఉంది గాని, జీడిపప్పు పంపినప్పుడే నేను అర్థం చేసుకోవలసింది. నిన్న పనసకాయ చంకన పెట్టుకొని, నీలమ్మ చెయ్యి పట్టుకొని పలాసలో బస్సు దిగాను. శ్యాంసుందర్ గుమ్మంలోనే ఉన్నాడట.

“బావా, నా నవలలో మాటలు నువ్వే మార్చినావు గదా?” అన్నాను.

“నీ నవలా? నానా? దాన్ని ఒకపాలి సదివినందుకే కళ్ళజోడు మార్పించుకున్నాను. ఇంకోపాలి ముట్టుకుంతానేటి?” అన్నాడు.

“ఒప్పుకోవుగా?”

“నాను కాదురా బాబూ! ఆ పనసకాయ దించు ముందు, సెయ్యి ఇరుగుద్ది.”

ఎంత వినయం! ఈ వయసులో ఎక్కడ నేర్చుకున్నాడో. సాయంత్రం దాకా కూర్చొని ఆయన పుస్తకంలో తప్పులు నేను, నా పుస్తకంలో తప్పులు ఆయన చెప్పుకున్నాం. నా వాటా పెద్దది. చివరి బస్సు తప్పిపోయేది.

నవల వేసేయండి. ఆ సూర్యుణ్ణి కొంచెం తొందరగా ఉదయింపజేయండి. మునిగేవాణ్ణి త్వరగా ముంచేయండి. మాటలు మాత్రం ఒక్కటి కూడా ముట్టుకోవద్దు. ఎలీసబెతు గుంటకు నా ఆశీస్సులు. బాలిక అనలేదు, చూశావా.

ఇట్లు,
తన పుస్తకాన్ని తానే మొదటిసారి విన్న
జగదీశ్వరరావు

తా.క. అట్ట మీద మాటలు మార్చినవారి పేరు లేకపోతే అన్యాయం. ‘ఒక మిత్రుడు’ అని వేయండి. ఆ మాట చెబుతుంటే నాలుక తిరగలేదు. అలవాటవుతుంది.

తా.క. (నీలమ్మ) అమ్మా శిరీషా, ‘ఒక మిత్రుడు’ అనే ఉంచెయ్యి, నా పేరు పొరపాటున కూడా బయటపెట్టకు. నేను సొంతంగా రాసింది పెళ్ళాం మాటలే. మొగుడు మాటలన్నీ ఈ వంటింట్లో ఈయన నోట్లోంచి పడ్డవే, ఏరి పెట్టానంతే. సంగతి తెలిస్తే ఇకనుంచి ఇంట్లో ఆచితూచి మాట్లాడతారు. ఈ ఉదయమే రెండో నవల చెబుతాను రాసుకోమన్నారు. దానికి మాటలు నేనెక్కడినుంచి తేవాలి?