ఎడమచేతి కత్తెర

అన్నయ్యా, నేను క్షేమమే. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

మొన్న నా పుట్టినరోజుకి మా కుట్టుపని గదిలో వాళ్లంతా కలిసి ఒక కత్తెర ఇచ్చారు. ఎడమచేతి వాళ్ల కోసం చేసిన కత్తెర. ఇన్నాళ్లూ మామూలు కత్తెరతో బట్ట కత్తిరించి నా బొటనవేలు కాయలు కాచిపోయింది. ఎవరికీ చెప్పుకోలేదు. గుండీలు కుట్టే అక్క అది చూసి, ఊరంతా గాలించి సంపాదించింది. ఇస్త్రీ తాతయ్య పిడికి మెత్తటి గుడ్డ చుట్టి, "నీది కాని కత్తెరతోనే ఇంత బాగా కోశావా తల్లీ" అన్నాడు. నా ఎడమచేతిని ఒకరు మెచ్చుకోవడం పుట్టాక అదే మొదలు. వెంటనే ఓ గుడ్డముక్క తీసుకుని కోసి చూశాను.

ఆ సంతోషంతో నేనుండే గదికి వస్తే నీ కార్డు ఉంది. నా మేనకోడలు చిట్టి ఎడమచేత్తో రాస్తోందని ఆ చేతికి గుడ్డ కట్టేశారట. "నీకు మాన్పించినట్టే దీనికీ మాన్పిస్తాం" అని గొప్పగా రాశావు. నాకు మానిందని నీకెవరు చెప్పారు? అక్షరాలు వేరుగా ఉన్నాయని కంగారుపడకు. అమ్మ గరిటెతో కొట్టిన చేత్తోనే ఈ కార్డు రాస్తున్నాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కిటికీ బాగు చేయించావా, ఇంకా అట్టముక్కే అడ్డం పెడుతున్నారా? నా పాత స్వెట్టరు పంపు. వదిన జాకెట్టు కొలతలు రాయమను, కొత్త కత్తెరతో కోసి కుట్టి పంపుతాను.

అన్నిటికంటే ముందు ఆ గుడ్డ విప్పు. విప్పాక, చిట్టి ఎడమచేతికి నా ముద్దు.

నీ చెల్లెలు