ఒకే ఒక తలుపు

బావగారికి,

మీ చెయ్యి కట్టులో ఉండగా "నేను క్షేమం" అని రాయడానికి సిగ్గుగా ఉంది.

మీ చిన్న విమానం దిగుతూ నేలకు కొట్టుకుని, ముందు చక్రం విరిగి గడ్డిలోకి ఈడ్చుకుపోయాక, నేను దిగగానే తలుపు దానంతటదే పడి ఇరుక్కుపోయిందని అక్కతో చెప్పారట. దానికున్నది ఒకటే తలుపనీ, అదీ నా వైపేననీ, ముందు నేను దిగితే తప్ప మీరు దిగలేరనీ కూడా చెప్పారట. "పోనీలేరా, నువ్వైనా వెంటనే బయటపడ్డావు" అంటూ అక్క నా తల నిమిరింది.

తలుపు ఇరుక్కోలేదని మీకు తెలుసు. పెట్రోలు వాసన రాగానే దూకాను. అంతవరకూ సరే, ఎవరైనా దూకుతారు. కానీ నేను దూకి, వెనక్కి తిరిగి, తలుపు మూశాను. ఎక్కిన ప్రతిసారీ "గట్టిగా వెయ్యవయ్యా బాబూ, గాల్లో తెరుచుకుంటే కొంప మునుగుతుంది!" అని కసిరేవారు కదా, ఆ ఒక్కసారే సరిగ్గా వేశాను. గడియ పడిన చప్పుడు కూడా విన్నాను. అద్దంలోంచి మీరు నన్నే చూస్తున్నారు. అయినా పరుగెత్తాను. మంటలార్పేవాళ్ళు వచ్చి తెరిచేదాకా, విరిగిన చేత్తో గడియ తియ్యలేక మీరు లోపలే ఉండిపోయారు.

అక్కకి నిజం మీరే చెప్పండి. లేదంటే నేనే చెప్తాను, మీరు పక్కన ఉండండి. ఒక్కణ్ణే చెప్పాలంటే నోరు పెగలడం లేదు.

నిన్న ఆసుపత్రికి వచ్చాను. మీ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. మీరు మేలుకునే ఉన్నారు. చప్పుడు కాకుండా మూసి వచ్చేశాను.

మీ బావమరిది