అమ్మ రైఫిల్‌కి తేలికైన స్టాక్

ఫెయిర్లీ,
జూన్, చలికాలం, మంచు పడుతున్న ఆదివారం.

చిట్టితల్లి కిర్స్టికి నాన్న దీవెనలు.

ఇక్కడ మీ అమ్మ, నేను, చెవులు వినపడని మన ముసలి కుక్క టస్ అందరం కులాసా. ఓడ తెచ్చిన నీ ఉత్తరం చూశాక, ఆ రౌల్ దీవిలో నువ్వూ కులాసాగానే ఉన్నావని మనసు కుదుటపడింది. నడుముకు తాడు కట్టుకుని కొండచరియ మీద కలుపు పీకుతున్నానని రాశావు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కూరమడిలో ఒక్క గడ్డిపోచ పీకని పిల్ల, సర్కారు చెబితే సముద్రం మీద వేలాడుతూ పీకుతోందని మీ అమ్మ ఊరంతా చెప్పుకొస్తోంది. అది తిట్టో, గర్వమో నువ్వే తేల్చుకో. రెండూ అని నా అనుమానం.

ఇక నీ ప్రశ్నలు. నీళ్ళ గొట్టాలు ఈసారి గడ్డకట్టలేదు, ముందే గోనెపట్టాలు చుట్టాను. ఆప్రికాట్ చెట్టు బతికే ఉంది. అమ్మ భుజం సంగతి అడిగావు. పోయిన శీతాకాలం ఉన్ని షెడ్డు ముందు మంచు మీద జారి విరగ్గొట్టుకున్న ఎడమ భుజం అతుక్కుంది. చెయ్యి పైకి లేస్తోంది. రొట్టెపిండి పిసుకుతోంది, నా మీద విసరాల్సినవి విసురుతోంది. కాని బరువు తగిలించుకుని గంట నడిస్తే ముఖం మారిపోతుంది. నొప్పి అని నోటితో మాత్రం అనదు, ఆమె సంగతి నీకు తెలియంది కాదు.

"నాన్నా, అమ్మ తుపాకీకి కొయ్య పీకేసి ప్లాస్టిక్ తగిలించావట, నిజమేనా?" అని అడిగావు. ముందే చెబుతున్నాను, అది ప్లాస్టిక్ కాదు. మిగతా జవాబు పెద్దది, టీ పెట్టుకుని కూర్చో.

పెళ్ళయిన ఏడాది మీ అమ్మ రైఫిల్‌కి నేను చెక్కిన అక్రోటు కొయ్య స్టాక్, అదే గొట్టాన్ని పట్టి ఉంచి భుజానికి ఆనే ఆ భాగం, చూస్తూనే నువ్వు పెరిగావు. అలాంటి చారలున్న దుంగ కోసం ఒక వేసవంతా తిరిగాను. ఈ జిల్లాలో సగం తుపాకులకు కొయ్య చెక్కింది నేనే. కొయ్య తప్ప మరొకటి భుజానికి ఆనితే అది తుపాకీ కాదు, చీపురుకట్ట అని నలుగురిలో వాగినవాణ్ణి కూడా నేనే. అలాంటివాణ్ణి ఫిబ్రవరిలో మీ అమ్మను వెంటబెట్టుకుని బెవన్ తుపాకుల దుకాణానికి వెళ్ళి, "నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే తేలికైన స్టాక్ చూపించరా" అన్నాను.

బెవన్ మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. ముక్క నోట్లోనే ఉండిపోయింది.

"ఒరేయ్ హేమిష్, జ్వరమేమైనా తగిలిందా? ఆ తలుపు మూసి మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఎందుకంటే కిర్స్టీ, పోయిన శీతాకాలమంతా మీ అమ్మ చెయ్యి మెడకు వేలాడేసుకుని వంటింటి కిటికీలోంచి కొండల్ని చూస్తూ కూర్చుంది. తార్ అనే ఆ కొండమేకపోతులు జూలు పెంచుకుని రాళ్ళ మీదికి వచ్చే కాలం అది. ఈ ఏడు కూడా ఎక్కకపోతే ఇక ఎప్పటికీ ఎక్కదు. అది నాకు తెలుసు, ఆమెకు తెలుసు. పాత గొట్టం తీసేసి పొట్టిది వేయడం బెవన్ అప్పటికే పూర్తిచేశాడు. మిగిలింది స్టాక్ ఒక్కటే, అసలు బరువంతా దాంట్లోనే ఉంది.

బెవన్ మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది ప్లాస్టిక్‌ది. వేలితో తడితే ఖాళీ బకెట్‌లా మోగింది. ముందు భాగాన్ని పిడికిట్లో నొక్కితే వంగి గొట్టానికి తగిలింది. అలా తగిలితే ఒక్కో తూటా ఒక్కో దారి పడుతుంది. పక్కన పడేశాను. రెండోది గాజునారది, అదే ఫైబర్‌గ్లాస్. గట్టిది, పేరుపెట్టడానికేమీ లేదు, కాని నా కొయ్య కంటే పెద్ద తేలికేం కాదు. మూడోది కార్బన్ ఫైబర్‌ది. చేతికివ్వగానే లోపల ఏదో పెట్టడం మరిచిపోయాడనుకున్నాను. నా కొయ్యలో సగం బరువు కూడా లేదు. ఎంత నొక్కినా వంగలేదు.

"మురిసిపోకు," అన్నాడు బెవన్. "తుపాకీ ఎంత తేలికైతే పేలినప్పుడు అంత గట్టిగా భుజాన్ని తంతుంది. లిన్ భుజం సంగతి ఆలోచించావా?"

"విరిగింది ఎడమది, తన్నేది కుడిదాన్ని. కొండ మీద పేల్చేది ఒక్కసారిరా, మోసేది పొద్దస్తమానం."

"పోనీ గొట్టం మూతికి ఆ రంధ్రాల బిళ్ళ బిగిద్దామా? తన్ను తగ్గుతుంది."

"వద్దు బాబూ," అంది మీ అమ్మ. "దాని చప్పుడుకి టస్‌కి పట్టిన గతే నాకూ పడుతుంది. అప్పుడు ఇంట్లో ఈయన గోల వినేదెవరు?"

ఆ మాటంటూనే స్టాక్ అందుకుంది. బెవన్ దాన్ని రైఫిల్‌కి తాత్కాలికంగా బిగించి ఇచ్చాడు. కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్ళు తెరిచింది. చూపు తిన్నగా రైఫిల్ మీది దుర్బిణి మధ్యలోకి పోయింది. స్టాక్ మనిషికి కుదిరిందో లేదో చెప్పడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు. "ఇది నాది," అంది. మరుక్షణం నా ముఖం చూసి, "నీ కొయ్యంత అందంగా లేదులే" అని సర్దేసింది.

"అందం చూసి తార్ కింద పడదు" అన్నాను. ఆ మాట నా నోట విన్నందుకు బెవన్ లేచొచ్చి చెయ్యి కలిపాడు.

ఇంటికి తెచ్చాక పని నాది. తుపాకీ ఇనుము స్టాక్ లోపల ఎక్కడా కదలకుండా జిగురు పోసి కూర్చోబెట్టాలి, అదొక్కటే నేను ఇంకొకరికి వదలని పని. బయటికి కనబడదు గాని, ఈ చేతులతో చేసిన వాటన్నిటిలోనూ అది బాగా కుదిరింది. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటావేమో, నిజంగానే చెప్పుకుంటున్నాను. పరీక్షగా పేల్చిన మొదటి మూడు తూటాలూ ఒక్క నాణెం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి.

కాని ఒక చోట నవ్వులపాలయ్యాను. స్టాక్ పొడుగు మనిషి చేతిని బట్టి కోయాలి గదా, ఫిబ్రవరి ఎండలో పలచటి చొక్కాలో ఉన్న మీ అమ్మను నిలబెట్టి కొలిచి కోశాను. మే నెలలో మందపాటి కోటు తొడుక్కుని ఎత్తితే పొడుగెక్కువై స్టాక్ వెనక కొస చంకలో చిక్కుకుంది. ఈ పొరపాటు చేసినవాళ్ళను నేను ముప్ఫై ఏళ్ళుగా తిడుతూ వస్తున్నాను. "వేసవిలో పెళ్ళాం, చలికాలంలో పెళ్ళాం ఒకే కొలత అనుకున్నావా?" అని మీ అమ్మ ఒక పూటంతా నవ్వింది. మళ్ళీ కోశాను.

అంతటితో ఆగానా? ఇనుప మరలు తీసి అల్యూమినియంవి వేశాను. తోలు పట్టీ తీసి సన్నటి నూలు పట్టీ కట్టాను. మీ అమ్మ పిండి తూచే త్రాసు మీద మరలు పెట్టి తూచాను. తుపాకీ అయ్యాక ఆమె వీపు సంచి మీద పడ్డాను. చిన్న పొయ్యి, చిన్న గిన్నె, పలచటి రగ్గు. "రేపు నన్ను కూడా ఆ త్రాసు మీద ఎక్కిస్తావా?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అది నేను అప్పుడే పట్టించుకోవలసింది.

పోయిన వారం బయల్దేరాం. దారి చివర బండి ఆపి, నది వెంట చదునులో నడిచి సాయంత్రానికి వేటగాళ్ళు ఆగే గుడిసె చేరుకున్నాం. తెల్లవారి గడ్డి వాలు మొదలయ్యే చోటికి వెళ్ళాం. మా పద్ధతి నీకు తెలుసు. తుపాకీ ఆమెది. తిండీ, తాడూ, దిగేటప్పుడు మాంసం నావి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా ఇద్దరిలో ఒకరు లేకుండా ఇంకొకరు ఎక్కలేదు.

ఇక్కడిదాకా రాసి లేచి, పొయ్యిలో కట్టె వేసి వచ్చాను. ఇప్పుడు రాసేది నీకు ముందు ఉత్తరంలోనే రాయాల్సింది, రాయలేకపోయాను.

జనవరిలో తిమారు పట్నంలో గుండె డాక్టరు నన్ను చూసి, చదునులో ఎంతైనా నడువు, ఏటవాలు ఎక్కకు, బరువు మోయకు అన్నాడు. మాత్రలు వేసుకుంటున్నాను. బాగానే ఉన్నాను, కంగారుపడి ఓడెక్కకు. మీ అమ్మకు చెప్పలేదు. చెబితే, నువ్వు రాని కొండ నాకెందుకంటుంది, ఇంట్లో కూర్చుంటుంది. మళ్ళీ ఆ కిటికీ. అందుకే తల్లీ, ఆ తూకాల పిచ్చి. నేను మోసేది కూడా ఇకమీదట ఆమే మోయాలి. కాబట్టి ఆమె బరువు ఎక్కడెక్కడ దించగలనో అక్కడల్లా దించాను. కొయ్య మీద నాకున్న మమకారం దాని ముందు ఏపాటిది?

ఆ గడ్డి వాలు కింద నిలబడి, "లిన్, నీకో మాట చెప్పాలి" అన్నాను.

"గుండేగా?" అంది.

పక్కనున్న రాయి మీద కూర్చున్నాను.

"కొయ్య అంటే ప్రాణమిచ్చే మనిషి మరల్ని కూడా తూస్తుంటే నాకు అర్థం కాదనుకున్నావా? నువ్వు పక్కనుంటే నా సంచి తేలికెందుకయ్యా? గరాజులో నీ మాత్రల డబ్బా కూడా చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే నాకు నీ మీద బెంగ పట్టుకుందని ఈ తుపాకీ సగంలో ఆపేస్తావు. ముందు పూర్తిచెయ్యనీ అనుకున్నా." కాసేపు కొండకేసి చూసింది. "నువ్వు లేకుండా ఎక్కనని ఇంట్లో నిర్ణయించుకునే వచ్చాను. ఇక్కడ నిలబడితే కాళ్ళు ఊరుకోవడం లేదు."

"వెళ్ళు. నేను ఈ రాయి మీదే ఉంటాను."

"టీ ఫ్లాస్కు నీ దగ్గరే పెట్టుకో. బరువు."

దారి తప్పితే వెతకడానికి పనికొచ్చే ఆ చిన్న యంత్రం ఉందో లేదో జేబు తడిమి చూసుకుని, వెళ్ళింది. దుర్బిణి కళ్ళకు పెట్టుకుని కూర్చున్నాను. గడ్డి దాటింది, రాళ్ళ జారుడు అడ్డంగా దాటింది. ఎక్కడా పట్టీ సర్దుకోలేదు, ఎడమ చెయ్యి పట్టుకోలేదు. పై అంచున వేలెడంత మనిషి అయ్యింది. అక్కడ బోర్లా పడుకుని ఎంతసేపు ఉందో! గాలి తిరుగుతోంది, అది తెలిసే ఆగిందని నాకు తెలుసు. తర్వాత ఒకే ఒక్క పేలుడు. రెండోది వస్తుందేమోనని చెవులు రిక్కించాను. రాలేదు. కిర్స్టీ, అరవై రెండేళ్ళ మనిషి, విరిగి అతుక్కున్న భుజం, ఒక్క తూటా! చుట్టూ ఎవరూ లేరు గనక లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఏడ్చాను కూడా.

మధ్యాహ్నం దాటాక దిగింది. సంచి మీద జూలుతో సహా చుట్టిన చర్మం, లోపల మాంసం. మోకాళ్ళ దాకా బురద. ముఖం చూస్తే మాత్రం నేను పెళ్ళాడిన పిల్లే. అలవాటుగా సంచి అందుకోబోయాను.

"చెయ్యి తియ్యి," అంది.

"మరి నేనేం మోయాలే?"

ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసింది. భుజం మీది రైఫిల్ దించి, బోల్ట్ వెనక్కి లాగి లోపల ఖాళీ అని చూపించి, నా చేతిలో పెట్టింది.

"ఇది మొయ్యి. డాక్టరు దీన్ని కూడా వద్దన్నాడా?"

"అనలేదు."

"అయితే నడువు."

ఆమె ముందు, నేను వెనక. గుడిసె దాకా నేనే మోశాను తల్లీ, ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇట్లు,
మీ అమ్మ తుపాకీ మోస్తున్న
మీ నాన్న.