పామీరు పాట, మూసిన కిటికీ

మామ్మా, నీకు దండాలు. జ్వరం పూర్తిగా తగ్గింది, ఇక బెంగ పెట్టుకోకు. ఫోన్లో నీకు మాట సరిగా వినపడదు కనుక కార్డు రాస్తున్నాను, పిన్ని చదివి వినిపిస్తుంది.

ఈ పది రోజులూ నాకు గంజి కాచి పోసింది ఇక్కడ పట్నంలో, బ్రిక్‌ఫీల్డ్స్ గదిలో నాతో ఉండే నిగినా. తజికిస్తాన్‌లోని పామీరు కొండల పిల్ల. ఆ చేతి గంజి లేకపోతే ఇంత తొందరగా లేచేదాన్ని కాను. మొన్న గంజి కలుపుతూ పాట అందుకుంది, కళ్లనీళ్లు కారుతున్నా ఆపలేదు. దూరాన ఉన్నవాళ్ల మీద బెంగ పుడితే వాళ్ల ఆడవాళ్లు పని చేసుకుంటూ అలా పాడుకుంటారట, దర్గిలిక్ అంటారట. వీధంతా వింటుందని నేను లేచి కిటికీ మూశాను. ఇక్కడివాళ్ల యాసలో "తెరిచే ఉంచు లా. మా అమ్మ కోసం పాడుతున్నా, తప్పు చెయ్యట్లేదు" అంది.

తాతయ్య పోయిన రోజు గుర్తొచ్చింది మామ్మా. ఆయన ఏ తోటలో ఎన్ని కొబ్బరి చెట్లెక్కాడో, నిన్ను ఏమని పిలిచేవాడో అన్నీ చెప్పుకుంటూ నువ్వు రాగం తీసి ఏడుస్తుంటే, "ఊరుకో, అందరూ చూస్తన్నారు" అని నీ నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. "మరేటి, ఆయన్ని ఉత్తినే పంపీమంటావేటే?" అన్నావు. అని, ఆ పాట అక్కడే ఆపేశావు.

మోకాలికి నూనె రాసుకుంటున్నావా? ఇంట్లో కాచిన కొబ్బరి నూనె ఒక సీసా నిగినాకి తీసి ఉంచు. ఆదివారం తనను తీసుకొస్తున్నాను, ఇద్దరినీ దీవించు. తాతయ్య పాట మొదటి నుంచీ అందుకో. ఈసారి కిటికీలు నేను తీస్తాను.

నీ మనవరాలు,
రాగిణి